పోలేరయ్యకు రెండు దిమ్మలు

చేపల రేవు జువ్వలదిన్నెలో నరేంద్రబాబు ఐసు ప్లాంటును నడిపేది క్రీస్తురాజే. పిల్లల చదువుల కోసమని యజమాని హైదరాబాదు వెళ్లి రెండేళ్లయింది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఒకటి, ఐసు దిమ్మలు తీసే చోట ఒకటి కెమెరాలు పెట్టించాడు. అవి చూసి ఊరుకునేవి కావు, యజమాని గొంతుతో మాట్లాడేవి కూడా. "క్రీస్తురాజూ, అట్ట కూర్చున్నావేంది?" అని గోడ మీది డబ్బా అడిగినప్పుడల్లా, తప్పు చేసినా చేయకపోయినా, పాపం ఉలిక్కిపడి లేచేవాడు. నరేంద్రబాబు ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్న రోజుల్లో పనివాళ్లందరికీ 'అన్న'. డబ్బాలోంచి గొంతు రావడం మొదలయ్యాక, ఎవరూ చెప్పకుండానే 'సార్' అయిపోయాడు.

మొన్న వేసవిలో ఒక పడవ వాళ్లకు విరిగిన దిమ్మ ఊరికే ఇచ్చాడు క్రీస్తురాజు. ఎప్పుడూ ఇచ్చేదే. డబ్బా అందరి ముందూ గొంతు చించుకుంది. "నాకు చెప్పకుండా చిన్న ముక్క గూడా గేటు దాటేదానికి లేదు. అర్థమైందా?"

బాగానే అర్థమైంది. ఆ రోజు నుంచి చెప్పింది చేశాడు, చెప్పనిది కళ్లెదుట పాడైపోతున్నా ముట్టుకోలేదు. మోటారు చప్పుడు కాస్త మారితే కంచం వదిలి పరిగెత్తినవాడు ఇప్పుడు "సార్ చూస్తుండాడు గదా, చెప్పనీ" అంటూ తాపీగా అన్నం కలుపుకునేవాడు. అందులో భయం సగమే, మిగతా సగం పంతం. ఆ పంతంలో అతనికి కాస్త సుఖంగా కూడా ఉండేది.

ఒక ఉదయం గేటు ముందు ఆటో ఆగింది. దిగింది దుర్గ, పోలేరయ్య భార్య. ఆ పోలేరయ్య ఈ ప్లాంటులోనే క్రీస్తురాజుతో కలిసి ఏళ్ల తరబడి దిమ్మలు మోసినవాడు. ఊపిరితిత్తులు చెడి నిరుడు పని మానేశాడు.

"ఆయన పోయినాడన్నా," అంది దుర్గ ఏడుస్తూ. "పిల్లోడు వేటకి పోయుండాడు, పడవ వచ్చేతలికి సాయంత్రం అవుద్దంట. ఫ్రీజరు పెట్టె ఇంకోళ్లింట్లో ఉండాదంట. రెండు దిమ్మలు ఇయ్యన్నా."

ఊళ్లో ఎవరు పోయినా శవం కింద వేసే ఐసు ఈ ప్లాంటు నుంచే వెళ్తుంది. దానికి రేటు లేదు, అడగడం లేదు. నరేంద్రబాబు తండ్రి నాటి నుంచీ అదే పద్ధతి. క్రీస్తురాజు దిమ్మలు లాగే కొక్కెం చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, కెమెరా వైపు చూశాడు.

ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. కెమెరా కిందకు వెళ్లి "సార్, సార్" అని చేతులూపాడు. డబ్బా పలకలేదు. బయట ఎండ ముదురుతోంది, ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఇచ్చెయ్, ఇచ్చెయ్ అంటోంది మనసు. ఈ వయసులో పని పోతే నిన్నెవడు పెట్టుకుంటాడని అదే మనసు బెదిరిస్తోంది.

"సార్ ఎత్తడంలేదమ్మా. ఒక్క మాట అడిగేసి..."

దుర్గ అతని మొహంలోకి చూసింది, కెమెరా వంక చూసింది. ఆమెకు ఏడుపు ఆగిపోయింది. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆటో మలుపు తిరిగాక డబ్బా పలికింది. "మీటింగులో ఉంటే ఏంది ఇన్ని ఫోన్లు?" క్రీస్తురాజు సంగతి చెప్పాడు. "మన పోలేరయ్యా! దీనికి గూడా నన్ను అడగాల్నా? నువ్వు మనిషివేనా?"

మీరే గదా సార్ చెప్పింది అన్న మాట క్రీస్తురాజు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మనిషివేనా అని తనను తాను అప్పటికే అడుక్కుంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

రెండు కాదు, నాలుగు దిమ్మలు తోపుడు బండి మీద వేసి, గోనెపట్టా కప్పి, తనే తోసుకుంటూ వెళ్లాడు. పోలేరయ్య ఇంటి ముందు అప్పటికే టెంటు వేశారు. శవం ఐసు మీదే ఉంది. రేవులో పడవల వాళ్లు వేటకని నింపుకున్న ఐసును గంపలతో తెచ్చి పోసేశారు. వాళ్లెవరూ క్రీస్తురాజు వైపు చూడలేదు.

దుర్గ లేచి బండి దగ్గరకు వచ్చింది. "సార్ చెప్పినాడా అన్నా?"

లేదు, నేనే తెచ్చాననాలని ఎంత ఉన్నా నోరు రాలేదు. "చెప్పినాడమ్మా," అన్నాడు.

ఆమె గోనెపట్టా ఎత్తి దిమ్మల్ని చూసి, మళ్లీ కప్పేసింది.

"అట్టయితే మీ సారుకే చెప్పన్నా, అందినాయని."