కొండాపూర్ పార్కింగ్‌లో డ్యాన్స్ పోటీ, గీత దాటిన నేను

"ఒక్కసారి వచ్చి చూడు. చూశాక మానెయ్ అంటే మానేస్తా" అంది మా అమ్మాయి మేఘన. డిగ్రీ చదువుతూ, వీధి డ్యాన్స్ అంటూ రెండేళ్లుగా మోకాళ్లకి దెబ్బలు తగిలించుకుని ఇంటికొస్తోంది. ఆదివారం పోటీకి తను ముందే వెళ్లింది, మానెయ్ అనాలనే నేనూ వెనకాల బయల్దేరాను. ముందే తీర్పు రాసుకుని వెళ్లడం న్యాయమేనా అన్న అనుమానం దారంతా పీకుతూనే ఉంది.

లింగంపల్లిలో తొమ్మిదింబావుకి ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ స్టేషన్ పావుగంట. ఆదివారం రైళ్లు తక్కువ, వేళలు చూసుకోండి. అక్కణ్నుంచి పోటీ జరుగుతుందన్న అద్దాల ఆఫీసుకి ఆటో నూట ఇరవై. సెలవు రోజున ఆ అద్దాల గోడే ఈ పిల్లలకి నిలువుటద్దం. తీరా దిగితే సెక్యూరిటీ గార్డు తప్ప ఎవరూ లేరు.

"డ్యాన్స్ పిల్లలు ఏరండీ?"

"ఎల్లగొట్టినమ్మా. అద్దం పగిలితే నా నౌకరీ పోతది. కొండాపూర్ల ఏదో పార్కింగ్ అన్నరు."

"మీరు గూడ ఆడతరా ఏంది?" అన్నాడు ఆటో డ్రైవర్, ఇంకా కదలకుండా.

మేఘనకి ఫోన్ చేస్తే, "చోటు మారిందని వాళ్ల పేజీ స్టోరీలో పెట్టారు కదమ్మా, చూడలేదా?" అంది. మళ్లీ అదే ఆటో, మరో నూట యాభై. యూటర్న్ కోసమే రెండు కిలోమీటర్లు.

చేరేసరికి పదకొండు. నేల మీద టేపుతో గుండ్రంగా గీత, చుట్టూ పిల్లలు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా, ఒక్కొక్కరికి నలభై సెకన్లు. గెలిచినవాళ్లకి కోకాపేట డ్యాన్స్ టీమ్‌లో ఉన్న ఒకే ఒక్క ఖాళీ. మేఘనకి పోటీగా నిలబడ్డ అబ్బాయి మొదట ఆడాడు. ఆడుతూనే మా అమ్మాయి ముఖం మీద ఆవలించాడు, ముక్కు మూసుకున్నాడు, ఇంటికి పొమ్మని చెయ్యి ఊపాడు. మేఘన చేతులు కట్టుకుని నిలబడింది. నాకు ఒళ్లు మండింది. తన వంతు మొదలవబోతుంటే గీత దాటి లోపలికెళ్లాను.

"ఏం బాబూ, మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా?"

పాట ఆగింది.

"ఆంటీ, మీరు ఎవరి తరఫు?" అంది పోటీ నడిపిస్తూ మైకు పట్టుకున్న అమ్మాయి.

"మేఘన వాళ్లమ్మని."

"సారీ ఆంటీ. ఎవరి మనిషి లోపలికొస్తే వాళ్ల టర్న్ పోయినట్టే."

ఆ అబ్బాయే అడ్డం పడ్డాడు. "గిట్ల గెలిస్తే ఏం మజా అక్కా? ఆమెకు తెల్వదు. ఆడనియ్యి జర."

రూల్ రూలే అంది ఆ పిల్ల. అతను మేఘన భుజం తట్టి, "మమ్మీని ఏమనకు" అన్నాడు. వెక్కిరింత కూడా ఆటలో భాగమేనట. ముట్టుకోకూడదట, అవతలివాళ్లు కదలకుండా భరించాలట. మేఘన భరించింది. చేతకానిది నాకే.

తిరుగు ప్రయాణంలో "చెప్పు, మానేయనా?" అంది, నా వైపు చూడకుండా. చూసి చెప్పమంది. తనకున్న నలభై సెకన్లలో ఒక్క సెకను కూడా నేను చూడలేదు, ఇంకెవర్నీ చూడనివ్వలేదు. మానెయ్ అనడానికి నోరు రాలేదు. వెళ్లు అనడానికీ ఏ ముఖం పెట్టుకుని అనాలో తెలియలేదు. చివరికి, "ఇంట్లో ఆడి చూపిస్తావా?" అన్నాను. "అక్కడ ఎదురుగా ఎవరుంటారమ్మా?" అంది.

మీరూ పిల్లల పోటీకి వెళ్తుంటే ఒకటే సలహా: గీతకి మూడు వరుసల వెనక నిలబడండి.