వదిన రాసిన పరీక్ష

రోడ్డు మరమ్మతు జరిగే చోట ఒకవైపు ‘ఆగు’, ఇంకోవైపు ‘నెమ్మది’ అని రాసిన పలక పట్టుకుని బండ్లను ఆపే పని ఆమెది. పదహారేళ్ళుగా అదే పని. ఆమె కళ్ళెర్రజేస్తే లారీ డ్రైవర్లు కూడా నోరు మూసుకుని బ్రేకు తొక్కుతారు. మా ముఠాలో అందరికీ ఆమె అక్క, వయసులో పెద్దవాడినైన నాకు కూడా.

కొన్నేళ్ళ కిందట కంపెనీ వాళ్ళు ఫోన్లో భద్రతా శిక్షణ మొదలుపెట్టారు. నాలుగు గంటల వీడియోలు, చివర ఇరవై ప్రశ్నలు. వీడియోను ముందుకు జరపనివ్వదు. పైగా మధ్యమధ్యలో ‘ఉన్నారా?’ అని అడుగుతుంది. రోజంతా ఎండలో నిలబడి వచ్చినవాడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? అందుకే మా దగ్గర ఒక పద్ధతి తయారైంది. ఫోన్ తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టేసేవాళ్ళం. ఆమె వాటిని వంటింటి గోడకు వరసగా ఆనించి, కూరగాయలు తరుగుతూనే వేలితో నొక్కుతూ అందరినీ గట్టెక్కించేది. నాదీ ఆమే రాసింది. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

కిందటేడు ఆమె మరిది మాతో చేరాడు. ఆమె పెళ్ళై ఆ ఇంటికి వచ్చేసరికి వాడికి తొమ్మిదేళ్ళట. చొక్కా గుండీలు పెట్టి బడికి పంపింది తనేనట. అలాంటివాడి పరీక్ష రాయకుండా ఉంటుందా? నూటికి నూరు తెప్పించింది. మా మరిది మీలాగా మొద్దుబుర్ర కాదని మమ్మల్ని ఏడిపించింది కూడా. వాడు ఆ నాలుగు గంటలూ హాయిగా నిద్రపోయాడు.

పనిలో చేరిన మూడో వారం. రోడ్డుకు ఆ చివర అక్క, ఈ చివర మరిది పలకలు పట్టుకుని ఉన్నారు. మధ్యలో మలుపు, ఒకరికొకరు కనబడరు. వాడు ఆగి ఉన్న రోలర్ నీడ చూసుకుని దాని ముందు నిలబడ్డాడు. ఒక కారు సమయానికి ఆగలేక ప్లాస్టిక్ కోన్లను తోసుకుంటూ మీదికొచ్చింది. వాడు వెనక్కి దూకబోయాడు. వెనక రోలర్ ఉంది. కాలు రెండు చోట్ల విరిగింది.

సేఫ్టీ ఆఫీసర్ కంప్యూటర్లో చూశాడు. పదిహేడో ప్రశ్నకు వాడు సరైన జవాబే ఇచ్చాడని, తెలిసీ తప్పు చేశాడని, కాలు నయమైనా ఇక పనిలోకి రానవసరం లేదని తేల్చేశాడు. మూడు రోజులు అక్కకు ముద్ద దిగలేదు. నోరు విప్పితే తన పని పోతుంది, విప్పకపోతే వాడి పని పోతుంది. నాలుగో రోజు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళి, ఆ పరీక్ష తనే రాశానని చెప్పేసింది. మరిదికి మళ్ళీ శిక్షణ ఇచ్చి తీసుకుంటామన్నారు. ఆమెను మాత్రం ఆ పూటే ఇంటికి పొమ్మన్నారు. నా ఫోన్ సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ నోరు మెదపలేదు.

అక్కడినుంచి ఆసుపత్రికి వెళ్ళాం. పోతే పోయింది, వాడి దారి వాడికి దొరికింది అంటూ దారిలో ఆమె కాస్త తేలికపడ్డట్టే మాట్లాడింది. మంచం పక్కన కూర్చుని జరిగిందంతా మరిదికి చెప్పింది. వాడు కోప్పడలేదు. కట్టు కట్టిన కాలు వైపు చూస్తూ అడిగాడు.

“ఆ పదిహేడో ప్రశ్న ఏంటి వదినా?”

“పలక పట్టుకుని నిలబడ్డ మనిషి వెనక ఏముండాలి అని.”

“ఏముండాలి?”

“ఏమీ ఉండకూడదురా. బండి మీదికొస్తే తప్పుకోడానికి ఖాళీ ఉండాలి.”

“అంతేనా వదినా?”

ఆమెకు ఆ మాట చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.