చచ్చిన తండ్రి రెండో కథలో భోజనానికి కూర్చున్నాడు

2016 అక్టోబరులో ఒక బొమ్మల సీరియల్ భాగాన్ని సమీక్షించే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను శ్రీకాకుళం నుంచి వచ్చే ఒక వారపత్రికలో సినిమా పేజీకి కంట్రిబ్యూటర్ని. చిన్న పత్రికల్లో హోదాలు ఇలా ఉండేవి: పైన ఎడిటర్, ఆయన కింద సబ్ ఎడిటర్, ఆ కింద విలేకరి, ఆ కింద కంట్రిబ్యూటర్, అందరికంటే కింద ఆఫీసు ఫ్యాను. నేను ఫ్యాను కంటే ఒక మెట్టు పైన ఉన్నానని అనుకునేవాణ్ణి. వేసవిలో ఆ లెక్క తారుమారయ్యేది.

అంతకు ముందు ముప్పయ్యేళ్లు కోటబొమ్మాళిలో సినిమా హాలు ఆపరేటర్‌గా పనిచేశాను. ఏడో తరగతిలో నేనూ లెక్కలూ ఒకరినొకరం వదిలేసుకున్నాక నన్ను చేరదీసింది ఆ ప్రొజెక్టర్ గదే. డిజిటల్ వచ్చి ప్రొజెక్టర్లు పాత ఇనుములో కలిశాక నేనూ ఇంట్లో కూర్చున్నాను. మా ఎడిటర్ గారికి నేను పాత పరిచయం. మొదటి ఆటకు నాలుగు రీళ్లు తిరగ్గానే ఆ సినిమా ఎన్ని రోజులు ఆడుతుందో చెప్పేసేవాణ్ణి, చాలాసార్లు అంతే ఆడేది. నోటితో చెప్పేదేదో కాగితం మీద పెట్టమని ఆయన పిలిచారు. అక్షర దోషాలు సబ్ ఎడిటర్ దిద్దేవాడు, వెటకారం మాత్రం ముట్టుకునేవాడు కాదు.

ఈ బొమ్మల సీరియల్ అమెరికాది. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు. ఏళ్ల తరబడి వాళ్లకు వయసు పెరగదు, తండ్రికి బుద్ధీ పెరగదు. ఆ దేశంలో అక్టోబరు ఆఖర్న దెయ్యాల పండగ చేస్తారు. మనం దిష్టికి గుమ్మంలో బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తే, వాళ్లు పచ్చ గుమ్మడికాయకు కళ్లూ నోరూ కోసి లోపల దీపం పెడతారు. పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఆ పండగ కోసం తీసిన ప్రత్యేక భాగం తెలుగులో ఒక పిల్లల ఛానల్లో రాబోతోంది.

జిల్లా పత్రికకు దానితో ఏం పని అంటే, అందులో తల్లి పాత్రకు గొంతు ఇచ్చినామె మన పాతపట్నం అమ్మాయి. పేరు రత్నం. అక్కడి బాప్టిస్టు చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే దేవదూత నుంచి గొర్రెపిల్ల దాకా గొంతులన్నీ ఆమెవే. విశాఖలోని ఒక డబ్బింగ్ స్టూడియో ఆమెను ఈ ఒక్క భాగానికి పరీక్షగా తీసుకుంది.

సమీక్షకు ఒక పద్ధతి ఉండేది. స్టూడియో ముందుగా ప్రివ్యూ డిస్కు పంపుతుంది. చూసి కథ, నటన, సాంకేతిక విలువలు, చివరగా అయిదుకు మార్కులు, ఈ వరసలో రాయాలి. బుధవారం సాయంత్రానికి పేజీ కట్టేస్తారు, గురువారం పత్రిక బయటికొస్తుంది. నేను బుధవారం మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లో డిస్కు పెట్టి, టీ తెచ్చుకుని కూర్చున్నాను.

మొదట తండ్రి ఒక గుమ్మడికాయను వెక్కిరిస్తాడు. అది నోరు తెరిచి అతణ్ణి మింగేస్తుంది. తల్లి గుండెలు బాదుకుని ఏడుస్తుంది. అది ఇంకా నా చెవుల్లో ఉండగానే తెర నల్లబడి, మళ్లీ వెలిగేసరికి ఆ తండ్రే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తున్నాడు! ఏడ్చిన భార్యే ఎదురుగా నిలబడి వంకాయలు తెమ్మని గదమాయిస్తోంది. ఇంకాసేపటికి ఆమె మంత్రగత్తె అయి చీపురు మీద ఎగురుతోంది. ఆ తర్వాత ఎవరూ ఎగరరు, పిల్లవాడు మాయమైపోతాడు, తల్లి గుసగుసగా వెతుకుతుంది.

నాకు వెంటనే విషయం తెలిసిపోయింది. తెలిసిపోయిందనే అనుకున్నాను. ఆపరేటర్‌కి ఇలాంటిది కనిపిస్తే ఒకటే అర్థం: రీళ్లు తారుమారయ్యాయి. ఒకసారి నేనే మూడో రీలుకు ముందు అయిదోది ఎక్కించి, హీరోయిన్‌కి పెళ్లికి ముందే బారసాల చేయించాను. అందుకే ధీమాగా రాశాను: తెలుగు చేసినవాళ్లు కథను తలకిందులుగా అతికించారు, తండ్రి చావు ఆఖర్న రావాలి. అక్కడితో ఆగితే బాగుండేది. "తల్లికి గొంతిచ్చినామె కథ తెలియకుండా మాటలు అప్పజెప్పింది. మొగుడి మీద కన్నీళ్లు ఆరకముందే వంకాయలు తెమ్మంటుంది" అని కూడా రాసి, అయిదుకు ఒక మార్కు వేశాను. వంకాయల మాటకు ఆఫీసంతా నవ్వింది. పత్రికలో నా మాటకు అంత నవ్వు అదే మొదలు.

శుక్రవారం పొద్దున్నే రత్నం పాతపట్నం బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చింది. చేతిలో మా పత్రిక, నా పేజీ పైకి మడిచి ఉంది.

"సూర్యారావంటే నువ్వేనా బాబాయ్? ఈ ఒంకాయలు రాసింది నువ్వేనా?"

నేనేనన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"రీళ్లు మార్సీసినారని రాసీసినావు. ఏ రీళ్లు బాబాయ్? అదంతా కంప్యూటర్లో ఉన్నాది."

"మరి మీ ఆయన్ని గుమ్మడికాయ మింగీసింది కదమ్మా. మళ్లీ కూకుని తింతన్నాడేటి?" అన్నాను. నాకు ఇంకా నా మీద నమ్మకం పోలేదు.

"అయ్యి మూడు కతలు! దేనికదే. ఒకే మనుసులు, మూడు ఏసాలు. దసరాకి ఒకడు ఇయ్యాల పులేసం ఏసి, రేపు రాజేసం ఏస్తే, నిన్నటి పులి ఏటైపోనాదని అడుగుతావేటి నువ్వు?"

సబ్ ఎడిటర్ కుర్చీ అటు తిప్పుకున్నాడు. అతని భుజాలు నవ్వుతున్నాయి. 

తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. వచ్చే శుక్రవారం ఛానల్ తరఫు మనిషి విశాఖ వస్తాడు. మిగతా భాగాలన్నిటికీ ఆ గొంతే ఉంచాలా, మార్చాలా అని ఆ రోజు తేలుస్తాడు. పత్రికల్లో వచ్చిన ప్రతి ముక్కా స్టూడియోవాళ్లు అతని ముందు పెట్టాలి. వచ్చినది ఒకటే ముక్క, నాది. "దెయ్యాలకి గొంతిచ్చింది సాలక పేపర్లో సీవాట్లు కూడా తిన్నావా అంతంది మా అత్త. ఆవిడకి బదులు సెప్పుకుంటాను, ఆ సారుకేటి సెప్పను?" అంది.

డిస్కు మళ్లీ పెట్టాను. ఆమె నా పక్కన నిలబడింది. ఈసారి మొదటి నుంచి చూశాం. పేర్లు పడుతుండగా తల్లి బొమ్మ తెర ముందుకు వచ్చి, పిల్లల్ని జోకొట్టే గొంతుతో చెబుతుంది: మీకు మూడు కథలు చెబుతాను, ఒక కథలో పోయినవాళ్లు ఇంకో కథలో వస్తారు, భయపడకండి.

ఆ రెండు నిమిషాలు నేను మొదటిసారి చూడనే లేదు. పేర్లు పడేటప్పుడు ఆపరేటర్ కథ పట్టించుకోడు. బొమ్మ మసకగా ఉందా, చట్రంలో కుదిరిందా, ప్రొజెక్టర్లో దీపం నిలకడగా ఉందా అని చూసుకుంటాడు. ముప్పయ్యేళ్ల అలవాటు. కంప్యూటర్లో సరిచూసుకునేది ఏమీ లేక, ఆ కాసేపట్లో టీ తెచ్చుకున్నాను.

అప్పుడు గొంతుల మీద దృష్టి పెట్టాను. ఏడుపు ఒక మనిషిది, గదమాయింపు ఒక మనిషిది, గుసగుస ఇంకో మనిషిది. అన్నీ నా పక్కన కోపంగా నిలబడ్డ ఈ ఒక్క మనిషివే.

ఎడిటర్ గారి దగ్గరకు వెళ్లి సవరణ వేయాలన్నాను. మా పత్రికలో సవరణకు చోటు ఏడో పేజీ అడుగున, టెండరు ప్రకటనల పక్కన, రెండు లైన్లు. అలాగే వేద్దామన్నారు. చాలదన్నాను. తప్పు సినిమా పేజీలో పావు వంతు ఉంది, దిద్దుబాటూ అక్కడే, అంతే ఉండాలి.

"ఏటయ్యా, సమీక్ష మీద మళ్లీ సమీక్షేటి? పేపర్ని నవ్వులపాలు సేసెత్తావా?" అన్నారాయన.

"సార్, ఆట మధ్యలో రీలు తెగితే హాల్లో లైట్లన్నీ వేసి మరీ అతికించేవాణ్ణి. జనం నన్నే తిట్టేవారు, హాలుని కాదు. మీరు చీకట్లో అతికించమంటన్నారు. అప్పుడు కుర్సీలు ఇరగ్గొడతారు" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి పక్కన పడేశారు. చివరికి, పేరు నీదే పెట్టు, పత్రిక పేరు ఎక్కడా రానీయకు అన్నారు. సోమవారం ఆ భాగం ప్రసారమైంది. అప్పటికి నేనుంటున్న అరసవల్లిలో మా వీధి పిల్లలంతా చూశారు. వాళ్లలో ఒక్కరు కూడా తండ్రి ఎలా బతికాడని అడగలేదు. జిల్లాలో ఆ అనుమానం వచ్చింది నాకొక్కడికే అని తేలింది.

గురువారం సవరణ పడింది. మొదటి రెండు నిమిషాలు చూడలేదని, టీ సంగతితో సహా రాశాను. మూడు గొంతుల గురించి రాశాను. మార్కులు మూడున్నరకు పెంచాను. రత్నం ఫోన్ చేసి మిగతా ఒకటిన్నర ఏదని అడిగింది. మూడో కథ నిజంగానే బాగోలేదమ్మా అన్నాను. తనకూ అలాగే అనిపించిందని ఒప్పుకుంది.

శుక్రవారం ఛానల్ మనిషి వచ్చి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చదివించుకున్నాడట. ఆమె గొంతునే ఉంచారు. స్టూడియో మాకు అప్పట్నుంచి డిస్కుతో పాటు కథ సారాంశం కూడా ఒక కాగితం మీద పంపడం మొదలుపెట్టింది. నన్ను ఉద్దేశించే అని నేనేమీ అనుకోలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నాలుగేళ్లు సమీక్షలు రాశాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మనకు అర్థం కానిదంతా తీసినవాళ్ల తప్పు కాదు. తప్పు అని రాసేముందు, చేసినవాళ్లకు ఒక్క ఫోన్ చేసి అడగాలి. అడగకుండా రాస్తే, రాసినంత పెద్ద అక్షరాల్లోనే దిద్దాలి.