దోస్తును అడగమన్న టీచర్

మా సోషల్ టీచర్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. పక్కింట్లోనే ఉంటాను కాబట్టి కబురు నాకే ముందు తెలిసింది. లక్సెట్టిపేట బడిలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లం చాలామందిమే వెళ్లాం. రావలసిన ఒక్క మనిషి, ఆమె తమ్ముడు, గల్ఫ్‌లో జైల్లో ఉన్నాడు.

విదేశాంగ విధానం పాఠం వచ్చిందంటే మేడం మమ్మల్ని తలా ఒక దేశం చేసి కూర్చోబెట్టేవారు. మానవ హక్కుల గురించి మాట్లాడమంటే అందరం శత్రుదేశం మీద పడేవాళ్లం. అప్పుడు చాక్‌పీసు ముక్క వచ్చి తగిలేది.

"పగోన్ని తిట్టుడు ఎవలికైనా అస్తది. నీ దోస్తును అడుగు, జూస్త!"

దోస్తును నిలదీసినవాళ్లకే మార్కులు. మా క్లాసులో అవి ఎవరికీ దక్కలేదు. పక్కన కూర్చున్నవాళ్లతో చెడుతుందని మా భయం.

ఆమె తమ్ముడు అక్కడ డ్రైవర్. యజమాని దొంగతనం కేసు పెట్టాడు. కోర్టులో అంతా అరబ్బీలోనే నడిచింది. అతని మాట విని చెప్పడానికి తెలుగు తెలిసిన మనిషిని పెట్టలేదు. శిక్ష పడిందన్న సంగతి కూడా జైలుకు వెళ్లాకే తెలిసిందతనికి. కేసు మళ్లీ వినాలని, ఈసారైనా అతని మాట చెప్పేవాళ్లను పెట్టాలని మేడం తిరగని ఆఫీసు లేదు.

ఆ మధ్య కరీంనగర్‌లో సభ జరిగితే నన్నూ వెంట తీసుకెళ్లారు. మన దేశం ప్రపంచానికి ప్రజాస్వామ్యం ఎలా నేర్పుతోందో ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషి చెప్పాడు. మనకు గిట్టని దేశాల్లో హక్కులు లేవని తెగ బాధపడ్డాడు. చప్పట్లు మోగాయి. మేడం లేచారు.

"సారూ, మా తమ్ముడు జైల్ల ఉన్న గా గల్ఫ్ దేశం రాజు మనకు దోస్తే గదా. మా తమ్ముని కోసం కోర్టుల ఒక్క తెలుగు మనిషిని పెట్టుమని జర అడుగుండ్రి."

"మిత్రదేశం కదమ్మా, ఇలాంటివి అడిగితే బాగుండదు," అన్నాడాయన నవ్వుతూ. జనం కూడా నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మేడం అన్నారు: "గీయన నా క్లాసుల ఉంటే పొద్దంత బెంచీ ఎక్కిస్తుంటి."

ఆ తర్వాత కొన్నాళ్లకే మంచాన పడ్డారు. పోయాక నాయకులు దండలతో వచ్చారు, ఆదర్శ ఉపాధ్యాయురాలన్నారు. తమ్ముడి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నేను ఎత్తాను. ఆమె చదువు చెప్పినందుకు ఆ మాత్రమైనా చేయాలి కదా. అందరూ చెప్పులు వెతుక్కున్నారు.

శుక్రవారం మేడం ఫోన్ మోగింది. అతన్ని జైలు నుంచి మాట్లాడనిచ్చే రోజు అది. మేడం కూతురు ఎత్తలేక నా చేతికిచ్చింది. నేను నోరు తెరవకముందే, "అక్కా, నా మాట చెప్పెటోడు దొరికిండా?" అని అడిగాడు.

అక్క పోయిందని తెలుగులో చెప్పాను. అతనికి వెంటనే అర్థమైంది.