మూత మీది బొట్టు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు పశువుల దవాఖానలో తెలిసింది. సోమవారం పొద్దున ఒక బర్రెకు సూదిమందు ఎక్కిస్తుంటే, దాని మెడ పట్టుకొని నిలబడ్డ రైతు మామూలు మాటలాగే అన్నాడు. "మండిబజార్ మోటర్ సైకిల్ మేస్త్రి పోయిండట గద సాబ్. రాత్రి నిద్రలనే పోయిండట." సూది సరిగ్గానే దిగింది. ఆ తర్వాత రైతుకు ఏ జాగ్రత్తలు చెప్పానో మాత్రం గుర్తు లేదు.

నేను కోపిష్టిని. మా డిపార్ట్‌మెంట్లో అది తెలియనివాళ్లు లేరు. ఈ ఊళ్లో నా కోపాన్ని ఎన్నడూ ఖాతరు చెయ్యని మనిషి ఆయన ఒక్కడే. ఇప్పుడు ఎవరి మీద కోపం చేసుకోవాలో కూడా తోచడం లేదు.

ఆయన షెడ్డు ధాన్యం గోదాముల వెనక, నాలుగు రేకుల కింద ఉండేది. ఎవరు బండి తోసుకొచ్చినా ముందు స్టూలు చూపించి చాయ్ చెప్పేవాడు. పానా ముట్టేవాడు కాదు. "బండి సంగతి తర్వాత. తోవ సంగతి చెప్పున్రి" అనేవాడు. గాలి ఎదురు కొట్టిందా, వెనక నుంచి తోసిందా, ఎండ ఎంతుంది, బండి మొదట గుంజడం మానిందా, చప్పుడు మారిందా అని ఒక్కొక్కటే అడిగి, కళ్లు మూసుకొని వినేవాడు. మొదటిసారి నాకు ఒళ్లు మండింది. "మేస్త్రీ, నిద్రొస్తే రేపొస్తాను" అన్నాను. ఆయన కళ్లు తెరవలేదు.

"నేను మీ ఎనక కూసొని వస్తాన్న సాబ్. మనం ఇంక స్టేషన్ ఘన్‌పూరే దాటలే. చెప్పున్రి."

నా బండి మిలటరీ వేలంలో కొన్న పాత ఇంగ్లీషు మోటారు సైకిలు. దాన్ని నా పనికి తగ్గట్టు మార్చింది ఆయనే. పల్లెల్లో పెట్రోలు దొరకదని చిన్న ట్యాంకు తీసేసి పెద్దది పెట్టాడు. వెనక సీటు విప్పి, పశువుల టీకామందు తీసుకెళ్లే ఐసుపెట్టె కోసం ఇనుప చట్రం బిగించాడు. కొత్త ట్యాంకుకు మూత లేకపోతే లేతు మీద ఇత్తడి మూత తానే చేశాడు. దాని నడుమ సూదిమొన పట్టేంత రంధ్రం పెట్టాడు. ఎందుకని నేనడగలేదు.

దసరాకు ఆయన చేతి బళ్లన్నీ షెడ్డు ముందు వరసగా నిలబడేవి. తలస్నానం చేసి, తెల్లధోవతి కట్టి, పసుపు, గంధం కలిపి ఒక్కొక్క బండికి తనే బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టును ఎవరూ తుడవరు. వాన పడి పోతే పోవాలి, అంతే.

అయిదారేళ్ల కిందటి దసరా తర్వాత నర్సంపేట అవతలి పల్లెల్లో పశువులకు ముసర రోగం వచ్చింది. రోగం తగలని ఊరికి ముందే టీకా వేస్తేనే మంద దక్కుతుంది. మందు రైల్లో వరంగల్ వచ్చేది. దాన్ని ఐసులో పెట్టి, రంపపు పొట్టు కప్పి తీసుకెళ్లాలి. ఐసు కరిగితే మందు నీళ్లతో సమానం. డిపార్ట్‌మెంట్ జీపు మరో తాలూకాలో ఉంది. నర్సంపేట దాటితే ఎడ్లబండ్ల బాట, అక్కడ ఎటూ నెమ్మదే. కాబట్టి బాగున్న రోడ్డు మీద వేగంగా పోయి టైము మిగుల్చుకోవాలి.

సరిగ్గా అక్కడే బండి మొండికేసింది. ఊళ్లో తిరిగితే ఏ లోపమూ లేదు. రోడ్డెక్కి నలభై అయిదు మైళ్ల వేగం అందుకున్నాక, ఆరో మైలురాయి దగ్గర జావగారిపోయేది. నిలబెట్టి తిట్టుకుంటూ ప్లగ్గు తుడిచేసరికి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మళ్లీ అయిదారు మైళ్లకు అదే కథ. ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పెట్టె తెరిస్తే ఐసు కరిగి, రంపపు పొట్టు తడిసి ముద్దయి ఉంది.

చెరువు గట్టు కింద జనం పొద్దుటి నుంచీ పశువులను పట్టుకొని నిలబడ్డారు. వాళ్ల ముందే మందు పారబోశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "మందు తెచ్చుడు గూడ సాతగాదా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. రెండు ఎడ్లను తోలుకొచ్చిన ఒక ముసలమ్మ మాత్రం మెల్లగా అడిగింది. "మల్ల ఎన్నడు తోల్కరావాలె సారూ?" ఆ ఎడ్లు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదని పక్కవాళ్లు చెప్పారు. నాలుగు రోజుల్లో వస్తానన్నాను. రోగం అప్పటికే పక్క ఊళ్లో ఉంది.

షెడ్డుకు వచ్చి నోటికొచ్చినట్టు అరిచాను. మేస్త్రి చాయ్ చెప్పాడు. అంతా విని, "రేపు తెల్లారంగ నేనే ఎనక కూసుంట. ఈపు మీద ఒక్కసారి తడితే పెంచున్రి. రెండుసార్లు తడితే స్విచ్చి బందు చేసి క్లచ్చి పట్టున్రి" అన్నాడు.

ఆ పొద్దు ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. వరిపొలాల మీద పొగమంచు. రోడ్డుకు రెండు పక్కలా విరగబూసిన తంగేడు. చట్రం మీద గోనెసంచి మడిచి కూర్చొని, చెవి నా వీపుకు ఆనించాడాయన. ఏం వింటున్నాడో, ఇంజనునో, నన్నో. ఒక్క తట్టు. పెంచాను. మళ్లీ ఒక్క తట్టు. బండి కింద నేల లేనట్టు, మేమిద్దరం ఎప్పటి నుంచో ఇట్లాగే పోతున్నట్టు అనిపించింది. ఆరో మైలురాయి కనబడేసరికి రెండు తట్లు పడ్డాయి.

ప్లగ్గు విప్పి చూపించాడు. సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. "పెట్రోలు అందుతలేదు" అన్నాడు. కార్బొరేటర్లో పెట్రోలు చిమ్మే జెట్టు మార్చాడు. లాభం లేదు. పైపు ఊదాడు, శుభ్రంగా ఉంది. మూడోసారి బండి అట్లాగే ఆగినప్పుడు, ట్యాంకులో ఎంతుందో చూద్దామని మూత తిప్పాడు. సన్నగా ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఊపిరాడుతలేదు సాబ్ దీనికి. పెట్రోలు కిందికి దిగాల్నంటే పైనుంచి గాలి పోవాలె. మెల్లగ పోతే మూత సందుల నుంచి వచ్చే ఇంత గాలి సరిపోతాంది. జోరు చేస్తే సరిపోతలేదు."

తుమ్మముల్లు తెంపి రంధ్రంలో తిప్పాడు. ఎండిన పసుపు, గంధం గట్టిపడి ఊడి అరచేతిలో పడ్డాయి. ఇత్తడి మూత నుదురులా కనబడిందేమో, ఆ దసరాకు బొట్టు అక్కడే పెట్టాడు. పైది వాన కడిగేసింది, లోపలిది నిలిచిపోయింది. ఆయన తన ఉంగరపు వేలి వంక చాలాసేపు చూసుకున్నాడు.

"మీరు నన్నన్న మాటలు తక్కువ పడ్డయి సాబ్" అన్నాడు.

ఆయన చేతిలోంచి మూత తీసుకొని నేనే బిగించాను.

నాలుగో రోజున కొత్త మందుతో బయల్దేరితే ఆయన షెడ్డు మూసి నాతో వచ్చాడు. నేను పిలవలేదు. ఐసుపెట్టెను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. బండి ఎక్కడా ఆగలేదు. ఎండ ఎక్కకముందే చెరువు గట్టు చేరాం. నేను పెట్టె తెరుస్తుంటే ఆయన జనం ముందుకు పోయి నిలబడ్డాడు.

"మొన్న మందు ఖరాబైతే అది డాక్టర్ సాబ్ తప్పు కాదు. బండికి బొట్టు పెట్టింది నేను. ఆయనను ఏమనకున్రి."

ఎవరూ అడగని మాట అది. ముసలమ్మ ఎడ్లకు మొదటి సూది వేశాను. ఆ ఊరి మంద దక్కింది. మర్నాటి నుంచి ఆ ఊళ్లో నాకు దొరికిన మర్యాద అంతా ఆయన ఇచ్చిందే. అప్పటి నుంచి దసరాకు ముందు మూత విప్పి రంధ్రంలో ఒకసారి ఊదేవాడు. ఆ తర్వాతే హెడ్‌లైటుకు బొట్టు.

మాట పడటం నాకిప్పటికీ చేతకాదు. కానీ ఎవరి మీదైనా అరవబోయే ముందు ఆయనలా ఒక్క క్షణం కళ్లు మూసుకుంటున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పనే లేదు.

మొన్న శుక్రవారం అదే ఊరికి టీకామందు తీసుకొని బయల్దేరాను. దసరా ఇంకా పది రోజులుంది, తంగేడు అప్పుడే పూసింది. బండెక్కే ముందు మూత విప్పి ఊదాను. ఆరో మైలురాయి దగ్గరపడుతుంటే నా వీపు దానంతటదే బిగుసుకుంది. రెండు తట్ల కోసం ఎదురుచూశాను. పొగమంచులోంచి రాయి వచ్చింది, వెనక్కి పోయింది. అప్పుడు ఒక్కసారి మెల్లగా తట్టినట్టయింది. ఐసుపెట్టె కదిలి ఉంటుంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. వేగం పెంచాను.