మామ ఇంట్లో అడగక్కర్లేదు

మా ఆయన సెకోనా ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. పెళ్ళైన కొత్తలో చర్చిలో ప్రసంగం సాగుతుంటే కాలు ఊపుతూ ఉండేవాడు. మా అత్తగారు వెనక బెంచీలోంచి విసనకర్రతో నెత్తిన ఒక్కటి అంటించేది. పెండలం తోట నుంచి వచ్చాడంటే పడవ దగ్గరికి, అక్కణ్ణుంచి పందుల దొడ్డికి. అదంతా పనిమీద తిరుగుడు, నాకు అలవాటైపోయింది. సెమీసి పోయాక ఆయన్ని పట్టుకున్న తిరుగుడు వేరు.

సెమీసి ఆయన అక్క మెలేఆనే కొడుకు. మా టోంగా దీవుల్లో అక్క ముందు తమ్ముడెప్పుడూ తక్కువే. ఆమె కడుపున పుట్టినవాళ్ళు మామ ఇంట్లో ఏది కావాలన్నా అడక్కుండా పట్టుకుపోవచ్చు. ఈ హక్కును సెమీసి వాడుకున్నట్టు మా దీవిలో ఇంకెవరూ వాడుకుని ఉండరు. పొయ్యి మీది చేప, నేను ఆరేసిన దుప్పటి, ఈనిన పంది పక్కనుంచి రెండు పిల్లలు, దేన్నీ వదల్లేదు. ఒకసారి ఆయన చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మామా, ఇది నీకంటే నాకే బాగుంది."

"బాగుందిలే. ఆదివారం నేనేం కట్టుకోవాలి, కొబ్బరాకులా?"

"అత్త గౌన్లు లేవూ?"

నేను చీపురు తీశాను. వాడు పారిపోయాడు, చొక్కాతో సహా. మా ఆయన సాయంత్రం దాకా వాణ్ణి తిడుతూనే ఉన్నాడు. తిడుతున్నంతసేపూ ముఖం వెలిగిపోతూనే ఉంది.

చేపల బల్లెం కూడా వాడు అలాగే పట్టుకెళ్ళాడు. దాని తాడు తెగిపోతే మా ఆయన ముందురోజే కొత్త నైలాన్ తాడు కట్టి పెట్టాడు, ఎంత పెద్ద చేపైనా తెంపలేని తాడు. సెమీసి పగడపు దిబ్బ అంచున మునిగి పెద్ద చేపను పొడిచాడు. అది రాళ్ళ కిందికి దూరింది. తాడు రాళ్ళలో ఇరుక్కుంది, రెండో కొస వాడి మణికట్టుకు ఉంది. స్నేహితులు పడవలో వేసుకొచ్చేసరికి అంతా అయిపోయింది. వాడికి పంతొమ్మిదేళ్ళు.

చావింట్లో ఎవరి చోటు వాళ్ళకుంటుంది. వాడి మేనత్త కలోలైనే తలవైపు కూర్చుంది. మేనమామ చోటు బయట, పొయ్యి దగ్గర. మైలకు గుర్తుగా చింకి చాప నడుముకు చుట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టాలి, లోపలికి అడుగు పెట్టకూడదు. మా ఆయన వంటకి గుంత తవ్వాడు, రాళ్ళు కాల్చాడు, పందుల్ని కోశాడు, దుంపలు పేర్చాడు. కళ్ళు కారుతుంటే పొగ అన్నాడు. మేమూ పొగే అనుకున్నట్టు ఊరుకున్నాం. మేనల్లుడి ముఖం ఆఖరిసారి చూడకుండానే వాణ్ణి మట్టిలో పెట్టడం అయిపోయింది. పనిలో పడి మనిషి నిలదొక్కుకున్నాడనుకున్నాను నేను. అంత తెలివితక్కువగా ఇంకెప్పుడూ అనుకోలేదు.

మైల రోజులు తీరాయి, అందరూ చాపలు విప్పేశారు. ఆయన విప్పలేదు. తెల్లారేసరికి పెరట్లో గుంత పొయ్యి రాజేసేవాడు. సీమపనస, చేమాకులో చుట్టి కొబ్బరిపాలు పోసిన మాంసం, అన్నీ బుట్టలో సర్ది నా చేతికిచ్చేవాడు. "అక్కకి ఇచ్చిరా."

ఆయన వెళ్ళడు. పెద్దవాళ్ళైన అక్కాతమ్ముళ్ళు ఒక కప్పు కింద కూర్చోవడం, మనసులో మాట చెప్పుకోవడం మాలో లేదు, అది మర్యాద. దారిలో ఎదురైతే చర్చి చందా గురించి రెండు మాటలు, అంతే. ఒకే పిల్లాడి కోసం ఇద్దరూ కుమిలిపోతున్నారు, మధ్యలో బుట్ట మోసేది నేను.

నేను తిరిగొచ్చేసరికి వీధి చివర కాచుకునుండేవాడు.

"ఏమంది?"

"దుంపలు బాగా ఉడికాయంది."

"ఇంకా?"

"ఇంకేమంటుంది? మాంసంలో ఉప్పు ఎక్కువైందనలేదు, సంతోషించు."

ఒకరోజు కొబ్బరికాయలు వలుస్తూ వలుస్తూ ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు. "తాడు గురించి ఏమైనా అందా?"

అప్పుడు నాకర్థమైంది. ఈ వంటంతా ఒక్క ప్రశ్న కోసం. నా కొడుకును నీ తాడే చంపిందని అక్క అనుకుంటోందా, లేదా? దానికి జవాబు దొరికితే తప్ప ఈ మనిషి కూర్చోడు, తినడు, పడుకోడు.

"నువ్వే అడగరాదూ?"

"అక్కనా!" అని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఆ వారమే మెలేఆనే బుట్ట ముట్టుకోలేదు. "తీసుకుపో ఫుసీ. ఇంక చాలని మా తమ్ముడితో చెప్పు" అని చాప నేతలో తల వంచుకుంది. నిండు బుట్టతో వెనక్కి వచ్చాను. అక్క తమ్ముడి చేతి తిండి వద్దనడం మా దీవిలో నేనెన్నడూ వినలేదు. మా ఆయన బుట్ట వైపు చూశాడు. మర్నాడు పొయ్యి రాజెయ్యలేదు. పడవేసుకుని దిబ్బ దగ్గరికి వెళ్ళాడు. ఎండ నెత్తికెక్కాక ఒట్టి చేతులతో వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. పడవ కనపడేదాకా నేను ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఏదో ఒకనాడు పడవ ఒక్కటే వస్తుందేమోనని భయం.

నాకు కోపం వచ్చి తిన్నగా మెలేఆనే ఇంటికెళ్ళాను. ఆడపడుచు మా కంటే పై మెట్టు, ఆమె ముందు గొంతు లేవకూడదు. లేచింది, ఏం చేస్తాను?

"వదినా, మీకు కడుపు కోత ఉంది, కాదనను. కానీ ఆ మనిషిని కూడా చంపుకుంటారా? తాడు కట్టింది తనేనని కుళ్ళి కుళ్ళి చస్తున్నాడు. మీరు బుట్ట తిప్పి పంపారు, ఇంక తప్పంతా నాదేనని ఖాయం చేసుకున్నాడు."

మెలేఆనే చేతిలోంచి చాప ఆకు జారింది.

"ఏ తాడు?"

ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పింది నేను, ఇప్పుడు, నా నోటితో. దాచడానికింకేముంది, నైలాన్ తాడు సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. "నువ్వెళ్ళు ఫుసీ" అంది.

ఇంటికొచ్చాక ఆయన మామూలుగా అడిగాడు, ఏమందని. నిద్రపోతోందని అబద్ధమాడాను. అప్పట్నుంచి ఇంట్లో తిరిగేవాళ్ళు ఇద్దరయ్యారు. ఆయన దొడ్డికీ పడవకూ మధ్య, నేను ఊడ్చిన వాకిలే ఊడుస్తూ. శనివారం దాకా నాకు ముద్ద దిగలేదు.

శనివారం పొద్దున గుర్రబ్బండి మా వాకిట్లో ఆగింది. తోలుకొచ్చింది మెలేఆనే. అక్కను చూడగానే మా ఆయన వంటపాక వెనక్కి తప్పుకున్నాడు, మర్యాద ప్రకారమే. కొబ్బరాకు తడికకు అవతల ఆయన కాళ్ళు నాకు కనిపిస్తున్నాయి.

ఆమె బండి దిగింది. తిన్నగా లోపలికెళ్ళి కొత్త పార తెచ్చి బండిలో పడేసింది. తర్వాత కత్తి. దంచి కలుపుకుని తాగడానికి దాచుకున్న కావా వేళ్ళ కట్ట. అరటి గెల. నా పెద్ద సత్తు గిన్నె.

"వదినా, అది నాది!" అన్నాను, ఉండబట్టలేక.

"మా తమ్ముడింట్లో ఉందిగా?" అని దాని మూత కోసం మళ్ళీ లోపలికెళ్ళింది.

కాళ్ళు కట్టిన కోడిపుంజును కూడా బండెక్కించాక నా ఎదురుగా నిలబడింది. చూపు నా మీద, గొంతు మాత్రం తడిక దాటేలా ఉంది.

"విను ఫుసీ. బుట్ట ఎందుకు వద్దన్నానో తెలుసా? నా తమ్ముడు ఆ పొయ్యి దగ్గర మాడి మసైపోతున్నాడని. ఇంకోటి, నా కొడుకు ఈ ఇంట్లో పెట్టింది తిన్నవాడు కాదు, ఎత్తుకుపోయి తిన్నవాడు. వాడు లేడు కాబట్టి నేనొచ్చాను. ఇకనుంచి నేనే వస్తాను."

తడిక వెనక కాళ్ళు కదల్లేదు.

"తాడు తాడంటున్నారట. ఎవరి తాడు? మామ ఇంట్లో ఉన్నది ఎవరిది? పుట్టినప్పట్నుంచీ అంతా వాడిదే. బల్లెం వాడిది, తాడు వాడిది. వాడి వస్తువు వాడు పట్టుకెళ్ళాడు. మా తమ్ముడిది అందులో ఏమీ లేదు. నా కొడుకు ముఖం చూడనివ్వలేదు మిమ్మల్ని. నేను చూశాను. చాలా ప్రశాంతంగా ఉన్నాడు. ఆ మాట మా తమ్ముడికి చెప్పు."

బండెక్కింది. పుంజు అరుస్తుండగా గుర్రాన్ని అదిలించుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన తడిక పక్కనుంచి వచ్చి ఖాళీ వాకిలి చూశాడు. అలాగే నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పొగ లేదు, పొయ్యి లేదు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఎంతసేపటికో ముక్కు తుడుచుకుని వాకిలంతా కలయజూశాడు.

"పడవ తీసుకుపోలేదేం?"

"రేపు ఆదివారం కదయ్యా. సోమవారం వస్తుందిలే" అన్నాను.