పాలపొడి డబ్బాలో పిడికెడు బియ్యం

మా చిన్నప్పుడు... ఎసరు మరుగుతుంటే అమ్మ చాటలోంచి ముందుగా ఒక పిడికెడు బియ్యం తీసి, పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. కాసేపు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే మిగతావి కడిగేది.

అది పాలపొడి డబ్బా. అమ్మ చిన్నతనంలో నల్గొండ దిక్కు కరువొస్తే, ఏ దేశం నుంచో వచ్చిన మిషన్ దొరసానులు వాళ్ల ఊళ్లో పాలపొడి పంచారట. ఆ పాలు తాగి బతికిన పిల్లల్లో అమ్మ ఒకతి. డబ్బా మీది ఇంగ్లిషు అక్షరాలు నాకు ఊహ తెలిసేసరికే సగం చెరిగిపోయాయి...

మా చిన్న చర్చి నుంచి ఒక నర్సమ్మ ఆఫ్రికాలో కుష్టు రోగుల దవాఖానకు సేవకు వెళ్లింది. అక్కడి పిల్లల కోసం మా ఆడవాళ్లంతా రోజూ పిడికెడు తీసేవాళ్లు. ఆదివారం చర్చిలో పోస్తే, పెద్దలు ఆ బియ్యం అమ్మి మిషన్‌కు పంపేవారు.

"నాకు పాలు పోసినోళ్లు నా మొఖం ఎన్నడు చూసినోళ్లు గాదు... నేను గూడ గట్లనే పెడ్త" అనేది అమ్మ.

నాయిన బియ్యం మండీలో హమాలీ. చర్చికి వచ్చేవాడు కాదు. వాకిట్లో బీడీ కాల్చుకుంటూ, "ఏమే, మీ ఏసుకు ఇయ్యాల ముద్ద పడ్డదా?" అని నవ్వేవాడు.

అప్పుడే తెలంగాణ కొట్లాట మొదటిసారి లేచింది. బడి మూసేస్తే మాకు సంబరం... మండీ కూడా మూతపడ్డాక ఆ సంబరం పోయింది. ఇంట్లో బియ్యం అడుగంటి, జొన్న గటకకు వచ్చాం. బందులతో ఆదివారం కూడికలు కూడా ఆగిపోయాయి. అందుకే డబ్బా మాత్రం నిండుగా ఉంది. తమ్ముడు దానివైపే చూసేవాడు.

"గవి మనయి గావు బిడ్డా" అని అమ్మ మూత గట్టిగా నొక్కేది.

ఒక పొద్దున డబ్బా చంకన పెట్టుకుని, చంపాపేట బాటలో ఉన్న చర్చికి బయల్దేరింది. "గివి ఇంట్ల ఉంటే నా మనసే ఆగేటట్టు లేదు. చర్చిల అప్పజెప్పొస్త" అంది. బాటలో రాళ్లు పడుతున్నాయని నాయిన తోడొచ్చాడు. తమ్ముణ్ని పక్కింట్లో వదిలి నేనూ వెంటబడ్డాను.

చర్చి వెనక గదిలో పాస్టరు అయ్యగారి భార్య ఒక్కతే ఉంది. మేమంతా అమ్మగారు అనేవాళ్లం గానీ, పాపం చిన్న వయసు. వాళ్లది గుంటూరు దిక్కు. అయ్యగారు ఊరికి వెళ్లి, బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నారు. ఆమె ఒళ్లో నెల నిండని ఆడబిడ్డ. పొయ్యిలో బూడిద చల్లారిపోయి ఉంది.

"ఎప్పుడు తిన్నవమ్మా?" అంది అమ్మ.

"నిన్న కాస్త జావ తాగానక్కా... కొట్టుకెళ్తే, మీ ఊరెళ్లి కొనుక్కోమన్నారు."

పాలు చాలక బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అమ్మ డబ్బా మూత తీసింది. అమ్మగారు చేయి అడ్డం పెట్టింది.

"వద్దక్కా. అవి దేవుడికిచ్చినవి. అక్కడి పిల్లల నోటి దగ్గరివి నేనెలా తింటాను?"

అమ్మ మూత మళ్లీ పెట్టేసింది... ఇద్దరూ డబ్బాను మధ్యలో పెట్టుకుని, తలల మీద కొంగు కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టారు. బిడ్డ ఏడుస్తూనే ఉంది.

బయట నిలబడ్డ నాయిన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. వంగి డబ్బా తీసుకున్నాడు.

"ఏందయ్యా, గవి దేవునియి" అంది అమ్మ.

"దేవునియే. పాపం నా పేర రాసుకోండ్రి. నేనెట్లాగు మీ గుడికి రాను, నాకేం ఫరక్ పడది." తర్వాత అమ్మగారి వైపు తిరిగి, "నీది ఏ ఊరైతే నాకేంది తల్లీ... పసిదానికి పాలు గావాలె, తిను" అన్నాడు.

ఆయనే పుల్లలు విరిచి పొయ్యి ముట్టించాడు. అన్నం చిమిడిపోయింది. అందులోకి ఉప్పు తప్ప ఏమీ లేదు. అమ్మగారు కళ్లు తుడుచుకుంటూ తింది. నాయిన నాకూ పెట్టి, తమ్ముడికి ఆకులో కట్టాడు. అమ్మ మాత్రం ముట్టలేదు.

మండీ తెరిచాక అమ్మ పూటకు రెండు పిడికెళ్లు తీయడం మొదలుపెట్టింది. మా కంచాల్లో ఆ మేరకు తగ్గింది. నాయిన బస్తాల కింద రాలిన బియ్యం ఊడ్చి తెచ్చి, రాళ్లు ఏరి, అమ్మ చూడనప్పుడు డబ్బాలో పోసేవాడు. ఆ బియ్యానికి మండీ దుమ్ము వాసన ఉండేది. అమ్మకు తెలియకుండా ఉంటుందా... ఎన్నడూ అడగలేదు. ఆయన పోయేదాకా అట్లాగే సాగింది.

ఇప్పుడు నాకు యాభై ఏళ్లు. మళ్లీ బందులు... దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షట్టర్లు దించే ఉన్నాయి. మా పిల్లలూ ఊరేగింపులకు పోతున్నారు. వద్దనను, అడిగేది న్యాయమే. కానీ ఒంట్లో ఓపిక తగ్గింది. చర్చిలో ఇప్పుడు బియ్యం తీసుకోరు, కానుకకు కవరు ఇస్తారు. నేను మాత్రం అలవాటు కొద్దీ ఆ డబ్బాలోనే పిడికెడు వేస్తున్నాను.

పక్క వాటాలో విజయవాడ వాళ్లు కిరాయికి ఉంటున్నారు. గొడవలు మొదలైనప్పటి నుంచి మాటలు తగ్గాయి... వాళ్ల తలుపు మూసే ఉంటోంది, మాదీ మూసే ఉంటోంది. నాయిన ఉంటే ఈపాటికి ఆ గడప ముందు చెప్పులు విడిచేవాడు.

మీ ఇళ్లలోనూ ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం పక్కన పెట్టిన డబ్బా ఏదైనా ఉండేదా? ఉంటే రాయండి... పక్కవాళ్ల తలుపు తట్టి వచ్చాక, కూర్చుని చదువుకుంటాను.